యాభై దగ్గర నిలవని స్కేలు

"కాకిలెక్కలు రాయడానికి ల్యాబ్ దాకా రావడమెందుకు?" అంటూ ఫిజిక్స్ లెక్చరర్ ఒకమ్మాయి రికార్డుని బల్ల మీదికి విసిరాడు. "మీటరు స్కేలు ఎక్కడ నిలుస్తుంది? సరిగ్గా మధ్యలో, యాభై దగ్గర. క్లాసు మొత్తానికి అక్కడే నిలిచింది. నీ ఒక్కదానికే నలభై ఎనిమిదా?"

"వంద వైపు చివర ఇత్తడి తొడుగు ఊడిపోయింది సార్. అందుకే సున్నా వైపు బరువెక్కువ. పోనీ, మీరే నిలబెట్టండి."

ఆయన స్కేలుని యాభై దగ్గర ఉక్కు అంచు మీద పెట్టాడు. అది ఒరిగి దభీమని పడింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

ఆయన ముఖం కందగడ్డయింది. "అయితే మీరంతా దొంగలేనన్నమాట! ఎవడి రికార్డు చూసి రాశార్రా? తీయండి బయటికి. ఆ మహానుభావుడి పేరు నోటీసు బోర్డుకెక్కిస్తా."

ఆ అమ్మాయే బల్ల సొరుగు లాగి, ఏళ్ళ తరబడి చేతులు మారి అట్ట చీకిపోయిన పాత రికార్డొకటి ఆయన ముందు పెట్టింది.

ఆయన తెరిచాడు. స్కేలు బొమ్మ ముచ్చటగా ఉంది. తొడుగు ఊడిన చివరతో సహా శ్రద్ధగా గీశారు. దాని కిందే 50.0 అని రాసి ఉంది. పేరు కోసం మొదటి పేజీ తిప్పాడు. అక్కడ తన పేరే ఉంది. గబుక్కున మూసేశాడు.

"మరి మీరెవరిది చూసి రాశారు సార్?" అంది ఆ అమ్మాయి.