తొందరేం లేదు

"ఇంజెక్షన్ ఎప్పుడమ్మా?"

ఆస్పత్రి వరండాలో బల్ల దగ్గరికొచ్చి ఉన్ని టోపీ మనిషి అడిగాడు. దర్జీ ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇంటాయనకి కేన్సర్. రెండు ఇంజెక్షన్లకే కుట్టుమిషను పోయింది, చెవి కమ్మలు పోయాయి. మూడోది బుధవారం పడాలి. అది తప్పితే ముందువి రెండూ బూడిదలో పోసిన పన్నీరేనని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఇవాళ సోమవారం.

ఆస్పత్రిలో సాయం కిటికీ ఒకటుంది. టోకెన్ ఉన్నవాళ్ళ కాగితాలు చూసి, మందు ఉచితంగా ఇప్పిస్తారు. కానీ రోజుకి పది టోకెన్లే. అవీ తెల్లారి ఐదింటికే అయిపోతాయి. ఆవిడ ఎక్కే మొదటి బస్సు వచ్చేసరికి ఏడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఇక్కడ ఆ పూజారి బస్సు. పోనీ ముందురోజే వచ్చి పడుందామంటే, మంచం దిగలేని మనిషిని ఎవరికి వదిలి రావాలి?

పోయినసారి వార్డులో పక్క మంచం అత్తయ్య చెవిలో చెప్పింది. టోకెన్లు అమ్ముకునేవాళ్ళు తిరుగుతుంటారట. ముందుగా ఇంజెక్షన్ తేదీ అడుగుతారట. తేదీ దగ్గరైతే రేటు పెంచుతారట.

"అవసరం బయటపెట్టావా, మునిగావే. తొందర లేదను, వాళ్ళే దిగొస్తారు."

ఈ మనిషి చేతిలో నాలుగో నంబరు టోకెన్ ఉంది. మండుటెండల్లో ఉన్ని టోపీ. మొహం దాచుకోడానికి కాకపోతే ఎందుకు?

ఆవిడ ఫైలుని గుండెలకి హత్తుకుంది.

"వచ్చే నెలండీ. తొందరేం లేదు."

చీర కొన్నా అంతే కదా. కావాలని మొహంలో కనబడితే ధర దిగదు.

అతను ఆవిడ వంక, ఫైలు వంక కాసేపు చూశాడు.

"మంచిదమ్మా," అని పక్క బల్ల మీది ముసలాయన దగ్గరికెళ్ళాడు. అదే ప్రశ్న. కూతురికి శుక్రవారమని చెప్పి ముసలాయన ఏడ్చేశాడు. అతను టోకెన్ ఆయన చేతిలో పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా వెళ్ళిపోయాడు.

ఇంకో టోకెన్ తెస్తాడేమోనని ఆవిడ చూసింది. పావుగంట చూసింది. రాలేదు.

ఉండబట్టలేక ముసలాయన్ని అడిగింది. "ఎంతకిచ్చాడు బాబాయ్?"

"ఎంతేమిటమ్మా? ఊరికే ఇచ్చాడు. ఎవరి తేదీ దగ్గరైతే వాళ్ళకే ఇస్తాడట."

శుక్రవారం. తనది బుధవారం.

నోటిదాకా వచ్చినదాన్ని తన నోరే చెడగొట్టుకుంది. గేటు దాకా పరిగెత్తింది. మందుల షాపు ముందు, బస్టాపులో, క్యాంటీన్లో వెతికింది. టోపీ ఎక్కడా లేదు.

ఇంటికెళ్ళాక మంచం మీంచే ఆయన మందు సంగతి అడిగాడు. అంతా కుదిరిపోయిందని చెప్పింది. అబద్ధానికి నోరు అలవాటు పడిపోయినట్టుంది. ఆయన హాయిగా నిద్రపోతుంటే, ఊపిరి ఆడుతోందో లేదోనని చూస్తూ కూర్చుంది.

మంగళవారం బస్సు పూర్తిగా ఆగకముందే దిగేసింది.

నిన్నటి బల్ల ఖాళీగా ఉంది. టోపీ ఆయన లేడు.

దాని మీదే కూలబడింది. ఇంక ఎవరిని అడగాలి? అమ్మడానికి ఏం మిగిలింది? రేపు ఆయన మొహం ఎలా చూడాలి?

వాచ్‌మన్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నల్ల ఫైలు. నిన్న వచ్చే నెలన్నది నువ్వేనా అమ్మా?"

తలెత్తకుండానే ఊపింది. ఒళ్ళో టోకెన్ పడింది. ఏడో నంబరు.

"నీకే ఇమ్మన్నాడు టోపీ ఆయన. వచ్చే నెల వాళ్ళు ఫైలుని అలా పట్టుకోరట. భయపడి అబద్ధమాడింది పాపం, నేను వెనక్కి రావాల్సింది, ఓపిక లేకపోయింది అన్నాడు."

నిన్నటి నుంచీ బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ఆయన్ని దొంగ అనుకుంది తను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"ఆయనెక్కడ అన్నా? ఒక్కసారి కాళ్ళు పట్టుకోవాలి."

వాచ్‌మన్ నేల చూస్తూ చెప్పాడు. ఐదింటికి లైన్లో నిలబడి ఈ టోకెన్ తీసుకున్నాడట. ఆరింటికి ఇదే బల్ల మీద ఒరిగిపోయాడట. లోపలికి మోసుకెళ్తుంటే టోపీ జారింది. తల మీద ఒక్క వెంట్రుక లేదు. ఆయనకీ ఇదే జబ్బు. ఆరున్నరకల్లా అయిపోయింది.

"రోజూ తన ఇంజెక్షన్ కోసమే టోకెన్ తీసుకునేవాడమ్మా. రోజూ ఎవరో ఒకరు ఎదురుపడేవారు."

ఆవిడ అడిగింది.

"మరి ఆయన తేదీ ఎప్పుడు?"

"పోయిన నెలే దాటిపోయిందట. నేను అడిగినప్పుడల్లా మాత్రం నవ్వి, వచ్చే నెలరా, తొందరేం లేదు అనేవాడు."