స్కేలుబద్ద చేలో చెట్టు

"ఆ చెట్టు కొట్టేదాకా నేను ముద్ద ముట్టను" అన్నాడు రైతు.

"బాగానే ఉంది. కొట్టేశాక ఆ ముద్ద ఎక్కడ కూర్చుని తింటారు?" అంది భార్య, చేతిలో క్యారియర్‌తో. కనుచూపు మేరలో నీడంటూ ఉన్నది ఆ చెట్టు కిందే.

ఊళ్ళో ఆయన్ని స్కేలుబద్ద అంటారు. సాలు వంకర పోతే ఆయనకు నిద్ర పట్టదు. అద్దెకు తెచ్చిన కొత్త ట్రాక్టరు తనంతట తానే నడుస్తూ, దారం పట్టి గీసినట్టు విత్తనం వేస్తోంది. విత్తనం వేసేటప్పుడు స్టీరింగు మనిషి చేతికి లొంగదు; డ్రైవరు చేతులు కట్టుకుని కూర్చున్నాడంతే. చెట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం సాలు పక్కకు తిరుగుతోంది.

"చూడవే, కొత్త గోడ మీద పిల్లలు బొగ్గుతో గీసినట్టు లేదూ?"

"నాకు చెట్టున్నట్టే ఉంది."

రంపం మిషను అరగంటలో పని ముగించింది. కట్టెల లారీ మానును ఎత్తుకుపోయింది. మొద్దు పక్కన రెండు కొమ్మలు మిగిలాయి.

"ఇక పోనీ!" అన్నాడు రైతు.

ట్రాక్టరు పది గజాలు నడిచి ఆగిపోయింది. తెర మీద ఎర్రటి అక్షరాలు: 'గుర్తు దొరకలేదు'.

సాయంత్రానికి అది ఇంకో ఊరు వెళ్ళిపోవాలి. రేపు వాన. సగం చేను అలాగే ఉంది. రైతు కంగారుగా కంపెనీ ఇంజనీరుకు ఫోను చేసి స్పీకరు పెట్టాడు.

"సార్, అది కెమెరాతో చూస్తూ నడుస్తుంది. తానెక్కడుందో ఆ చెట్టును బట్టే తెలుసుకుంటోంది. ఇంకేదైనా గుర్తు చూపించండి. గట్టు ఉందా?"

"చదును చేయించాను."

"బావి?"

"పూడ్పించాను."

"పోనీ దిబ్బో, బండరాయో?"

"అన్నీ తీయించేశానయ్యా. అరచెయ్యిలా ఉంటుంది నా చేను."

"పక్క చేలో?"

"ఊరంతా ఈయన్ని చూసే నేర్చుకుంది బాబూ" అంది భార్య.

ఇంజనీరు ఇక గుర్తులు అడగడం మానేశాడు.

"అయితే చెట్టున్న చోటే చెట్టులాంటిదేదైనా నిలబెట్టండి. కర్ర పాతితే లాభం లేదు, సన్నగా ఉంటే కెమెరాకు ఆనదు. అటూ ఇటూ కొమ్మలుండాలి. మనిషైనా పరవాలేదు, కదలకూడదు."

రైతు డ్రైవరు వైపు చూశాడు.

"నేను సీట్లోంచి లేస్తే బండి ఆగిపోతుందండీ."

భార్య వైపు చూశాడు.

"నేను పొట్టి" అంది ఆవిడ.

ఐదు నిమిషాల తరువాత రైతు మొద్దు మీదికెక్కి, చేతికో కొమ్మ పట్టుకుని, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. ట్రాక్టరు కదిలింది. ఆయన దగ్గరికి రాగానే మర్యాదగా పక్కకు తిరిగి, వంకర సాలు వేసుకుంటూ పోయింది.

భార్య ఆయన కాళ్ళ దగ్గర చతికిలబడి, తాపీగా క్యారియర్ విప్పింది.

"ఏవండీ, ఆ కుడి కొమ్మ కాస్త ఇటు వంచండి. ఎండ నా మీద పడుతోంది."