అంకయ్య తువ్వాలు

అంబులెన్స్ రాలేని గూడేలకు మందులసంచీతో సైకిల్ మీద వెళ్తుంది అంజలి. ఈ మధ్యాహ్నం ఫోన్ చేసింది ఓ గూడెం ముసలాయన, అంకయ్యే. అడవిలో తనను కట్లపాము కరిచిందట.

అతని కాలు కదలకుండా కర్ర కట్టి, క్యారియర్ మీద కూర్చోబెట్టి, జారిపోకుండా చున్నీతో తన నడుముకు బిగించుకుంది. అంబులెన్స్ తారురోడ్డు దగ్గర ఆగి ఉంది. దారి గూడెం మధ్య నుంచే.

"మాట్లాడతానే ఉండు తాతా."

"అట్లనే బిడ్డా." అప్పటికే మాట ముద్దగా వస్తోంది.

గూడెం కనపడగానే అతను తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు.

ముప్పై ఏళ్లుగా పాముకాటుకు మంత్రం వేసేవాడు. ఆసుపత్రికి పోనీయకుండా ఎందరినో ఆపినవాడు. అంజలికి ఒళ్లు మండింది.

"ఇప్పుడు సిగ్గేస్తాందా?"



"ఎవరమ్మా ఎనకాల?" గుడిసె ముందు నుంచి ఎవరో అడిగారు. అంజలి ఆగలేదు.

"తాతా, పలుకు!"

పలకలేదు. తల ఆమె వీపు మీద వాలిపోయింది. పెడళ్లు విరిగేలా తొక్కింది.

చివరి గుడిసె దాటాక తువ్వాలు కదిలింది.

"సిగ్గు కాదు బిడ్డా. నన్ను చూస్తే దింపి మంత్రం వేస్తారు. నేను నేర్పినట్టే, పానం పోయిందాకా వదలరు."