దూదిపింజ పిలిచింది

కరెంటు పోయింది. లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల పండు ఒక్కతే ఉంది.

వాళ్ళమ్మ టైలరు. మెడలో కొలతల టేపుతోనే పరుగెత్తుకొచ్చింది.

వాచ్‌మన్ రెండో అంతస్తు దగ్గర కటకటాల తలుపు లాగి తెరిచాడు. లిఫ్టు అడుగు మనిషి తలకంటే ఎత్తులో ఉంది. దాని కింద చీకటి గొయ్యి.

లోపలి తలుపు పండు తనే తెరిచేసుకుని అంచున కూర్చుంది. రెండు కాళ్ళూ బయటికి వేలాడుతున్నాయి. భుజాన బడి సంచి, దాని మీద తెల్లటి దూదిపింజ బొమ్మ.

ఆ దూదిపింజ టీవీలో తెలుగులో వచ్చే ఏదో జపాన్ ఆనిమే బొమ్మల సీరియల్లోది. కుందేలు చెవులు, గుండ్రటి కళ్ళు. ఏ పిల్ల సంచి చూసినా, ఏ నీళ్ళ సీసా చూసినా అదే. ముద్దుగా ఉందని టైలరమ్మే కొనిపెట్టింది. సీరియల్ మాత్రం ఎన్నడూ చూడలేదు. కుట్టుమిషన్ మీంచి తలెత్తితే కదా.

"అమ్మా, భయమేస్తోంది."

"ఏం కాదు నాన్నా. నేనున్నాగా. దూకెయ్, పట్టుకుంటా."

"పిలవకండమ్మా." వెనకనుంచి ఒక గొంతు.

నాలుగో అంతస్తులో కొత్తగా దిగినవాడు. ఎండలో కూడా మెడకి మఫ్లర్ చుట్టుకుంటాడు. అందుకే బిల్డింగంతా అతన్ని మఫ్లర్ అంటుంది. చంకలో ఎప్పుడూ వేడినీళ్ళ ఫ్లాస్కు. తలుపేసుకుని పసిపిల్లలా ఏడుస్తాడనీ, ముసలమ్మలా నవ్వుతాడనీ చెప్పుకుంటారు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. అలాంటివాణ్ణి మనవాళ్ళు మనుషుల్లో ఎప్పుడు లెక్కేశారు గనక.

"పాపని లోపలే ఉండమనండి. ఈ లిఫ్టు తలుపు తెరిచున్నా కదులుతుంది. మొన్న నా కళ్ళతో చూశా."

"కరెంటే లేదు కదయ్యా. మీ తాతొచ్చి తోస్తాడా?" అన్నాడు బిల్డింగు సెక్రటరీ.

లిఫ్టుకి ఆ జబ్బుందని అందరికంటే ముందు తెలిసింది ఆ సెక్రటరీకే. ఎండాకాలం నుంచి మెకానిక్‌ని పిలిపిస్తూనే ఉన్నాడు, నోటితో.

"కరెంటొస్తే? పాప సగం లోపల, సగం బయట ఉండగా వస్తే?"

"నీ పాడు నోరు ముయ్యి." ఎవరో అతన్ని పక్కకి నెట్టేశారు.

"పాపా, వెనక్కి వెళ్ళమ్మా," అని అతను అరిచాడు. పండు అతని వైపు చూడనైనా లేదు. కన్నతల్లి చేతులు చాచి పిలుస్తుంటే దారినపోయేవాడి మాట ఏ పిల్ల వింటుంది?

"రా పండూ. కళ్ళు మూసుకుని జారు."

పండు ముందుకి జరిగింది. ఇంకొక్క జానెడు.

అతను ఫ్లాస్కు మూత తీసి ఒక గుక్క తాగాడు. మఫ్లర్ వదులు చేసుకున్నాడు. నోరు తెరిచాడు.

వచ్చింది అతని గొంతు కాదు. సన్నగా, గోముగా, తేనె కారుతున్నట్టు వచ్చింది.

"పండూ... నేనే, దూదిపింజని. రా కన్నా. దూకు. కింద ఎంత బావుందో తెలుసా. నీ కోసమే కాచుకునున్నా."

పండు కాళ్ళు బిగుసుకుపోయాయి. మరుక్షణం రెండూ లోపలికి పోయాయి. సంచి వెనక గోడకి కొట్టుకున్న చప్పుడైంది. అంతే, పిల్ల కనిపించలేదు.

టైలరమ్మ చేతులు దించి వెనక్కి తిరిగింది.

"దానికి ఇష్టమైన బొమ్మ పేరు చెప్పి, గోతిలోకి దూకమంటావా నా బిడ్డని?"

చెంప పగిలింది. ఫ్లాస్కు మెట్లమీద పడి లోపలి గాజు భళ్ళుమంది.

"లోపలికి పోయింది కదమ్మా," అన్నాడతను చెంప పట్టుకుని.

ఎవరికీ వినపడలేదు. అప్పుడే కరెంటొచ్చింది.

లిఫ్టు ఒక్క ఊపున కిందికి జారింది, తెరిచిన తలుపుతోనే. పండు కాళ్ళు వేలాడిన చోట ఇనుప అంచు గడపని గీరుకుంటూ దిగిపోయింది. వెనక మూల ముడుచుకుని కూర్చున్న పండు వాళ్ళ కళ్ళముందు నుంచే కిందికి వెళ్ళింది.

అందరూ మెట్లమీద పడి పరుగెత్తారు. పిల్ల ఒంటి మీద గీత పడలేదు.

"ముందు ఆ నాలుగో అంతస్తువాడి సంగతి తేల్చాలి," అన్నాడు సెక్రటరీ.

పిల్ల ప్రాణం మీదికి తెచ్చినవాడే పెద్దమనిషై పంచాయితీ పెట్టాడు. లిఫ్టు గురించి ఒక్క నోరు లేవలేదు. టైలరమ్మ నోరు లేచింది, అదీ అతని మీదికే.

"వాడుంటే ఈ బిల్డింగులో మేముండం."

మఫ్లర్ ఏదో చెప్పబోయాడు. "నీ కథలు మాకొద్దు," అన్నారు. పొద్దు వాలకముందే ఒక పెట్టెతో మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం టీవీ ముందు కూతురికి అన్నం పెడుతూ టైలరమ్మ అడిగింది.

"నేను పిలుస్తుంటే లోపలికెందుకు పోయావే?"

"దూదిపింజ రమ్మంది కదా."

"రమ్మంటే రావాలిగా. అదంటే నీకు ప్రాణం కదా."

"అబ్బా, నీకేం తెలీదమ్మా. అది దొంగది. మొదట్లో మంచిదే అనుకున్నాం. అది రమ్మన్నచోటికల్లా వెళ్ళినవాళ్ళు గోతిలో పడ్డారు. అది దూకమంటే వెనక్కి పారిపోవాలి. మా క్లాసులో అందరికీ తెలుసు."

టైలరమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఎంగిలి చేత్తోనే నాలుగో అంతస్తుకి పరుగెత్తింది. గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల మనిషి లేడు. బయటి చప్పుడు రాకుండా కాబోలు, గోడలన్నిటికీ పాత దుప్పట్లు మేకులతో కొట్టి ఉన్నాయి.

కాళ్ళీడ్చుకుంటూ కిందికొచ్చింది. సీరియల్ మొదలైంది. తెర మీద తెల్లటి దూదిపింజ నోరు తెరిచి, "రా కన్నా," అంది. పొద్దున లిఫ్టు దగ్గర విన్న అదే గొంతు.

పండు దిండు వెనక దాక్కుంది. టైలరమ్మ మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయింది. బొమ్మ లోపలినుంచి మాట్లాడుతున్నది, శత్రువనుకుని తను చెంప పగలగొట్టిన మనిషి.