కర్ర చీలలు

దొర బంగళాను విప్పుతున్న మూడోనాడు, ఆ ముసలామె మళ్ళీ వచ్చి కింద రాలిన కర్ర చీలలు ఏరడం మొదలుపెట్టింది.

మేస్త్రీ కుప్పన్‌కు ఒళ్ళు మండింది.

గుడియాత్తం పొలిమేరలో అరవై ఏళ్ళ కిందట ఓ ఇంగ్లీషు దొర, తన పల్లె మీద బెంగ తీరక, అక్కడి పద్ధతిలోనే కట్టించుకున్న ఇల్లది. గోడలు పేరుకే, బరువంతా మోసేది కర్రల చట్రం. మేడ గది కింది గదికంటే మూరెడు ముందుకొచ్చి వీధిలోకి తొంగిచూసేది. వంకర కర్రను వంకరగానే వాడారు. వెతికినా ఇనుప మేకు దొరకదు, ప్రతి అతుకుకూ కర్ర చీలలే. అలాంటి పనితనం ఇప్పుడెక్కడ!

బెంగళూరులో కొత్తగా పుట్టిన కంపెనీ ఒకటి దాన్ని విప్పి, ఏలగిరి కొండ మీద అచ్చం అలాగే నిలబెట్టమంది. కుప్పన్ సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. తేడా వస్తే వేలూరు చుట్టుపక్కల మళ్ళీ ఎవరూ పిలవరు.

"ఏమవ్వా, పొయ్యిలోకా?"

"కాదు నాయనా. ఏ అతుకు చీల ఆ అతుక్కే పడతాది. ఏ కర్ర యాడికో ఇవే చెప్తాయి."

ఒక్కో అతుకు చీలలను ఒక్కో గుడ్డపీలికతో కట్టి పెడుతోంది.

"మేము చాక్‌పీసుతో నెంబర్లు ఏసినాము. ఇవి సుమ్మా, ఉత్త కర్రముక్కలు."

దొరసాని ఆ మేడ గది కిటికీ దగ్గరే కూర్చుని వాళ్ళ ఊరిని తలచుకునేదని చెబుతూ ముసలామె కళ్ళు తుడుచుకుంది. బంగళాలో అంట్లు తోమినదై ఉంటుందనుకున్నాడు కుప్పన్. జాలేసింది గానీ, పనికి అడ్డమని మూట లాక్కుని టీ పొయ్యిలో పడేయించాడు.

ఆమె కాసేపు నిలబడి చూసి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

లారీలు బయలుదేరే లోపే వాన పట్టుకుంది. నెంబర్లన్నీ కడుక్కుపోయాయి. కొండ మీద ఏ కర్రా ఏ కర్రతోనూ కలవలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ ఇల్లు చెక్కిన వడ్రంగిని వెతుక్కుంటూ గుడియాత్తం వచ్చాడు.

వడ్రంగి కొడుకు శివలింగం గుండుతో ఎదురొచ్చాడు. ఇంట్లో చావు జరిగి పదకొండు రోజులట. పోయింది పెద్దాయనేనా అని అడిగాడు కుప్పన్.

"నాయన పోయి నలభై ఏండ్లప్పా. అయినా ఆ ఇల్లు చెక్కింది ఆయన కాదు. అప్పటికే ఆయనకు చూపు లేదు. పని పోతాదని ఎవురికీ చెప్పలేదు."

"మరి ఎవురు చెక్కినారన్నా?"

"ఇప్పుడు పోయినాదే, మా అక్క. మీరు విప్పతా ఉండారని తెలిసి, చీలలు ఏరేదానికి వచ్చినాదే, ఆమె."