టోక్యో పాటకి పట్టుచీర

"మమ్, నా ఆల్బం ఏది?"

భానుశ్రీ తన గది గుమ్మంలో నిలబడి ఉంది. స్కూలు యూనిఫాం ఇంకా మార్చుకోలేదు. వెనకాల సొరుగులన్నీ బయటికి లాగేసి ఉన్నాయి.

తల్లి జ్ఞానప్రసూన బెండకాయలు తరగడం ఆపలేదు. "ఇచ్చేశాను."

"ఇచ్చేశావా? ఎవరికి?"

"స్టేషను దగ్గర పాతసామాన్ల కొట్టుకి. పన్నెండో తరగతి హెచ్చెస్సీ పరీక్షలు ముందు పెట్టుకుని, పొద్దస్తమానం ఆ జపాను పిల్ల ఏడుపు పాటలు వినడమేంటే? అట్ట మీద చూడు, కళ్ళకి నల్లగుడ్డ కట్టుకుని కూర్చుంది. అలాంటివి వింటూ కూర్చునే పిల్లలు ఏమైపోతున్నారో నాకు తెలీదా?"

"అది లిమిటెడ్ ఎడిషన్! ఆ సింగర్ తన చేత్తో సైన్ చేసింది! సండే సండే హారిస్ పార్కులో ఇండియన్ స్వీట్ షాపులో జిలేబీలు తూచి, నా జీతం డబ్బుతో టోక్యో నుంచి తెప్పించుకున్నాను!"

"ముందు మార్కులు తెప్పించుకో."

అరుస్తుందనుకుంది. పిల్ల అరవలేదు. "ఓకే మమ్. చూస్తావ్‌గా" అని మెల్లిగా తలుపేసుకుంది.

అంత మెల్లిగా వెయ్యడమే జ్ఞానప్రసూనని హడలగొట్టింది. వంటింట్లో చాకులు బియ్యం డబ్బాలోకి వెళ్ళాయి. తలనొప్పి మాత్రలు ఆవిడ హ్యాండ్‌బ్యాగులోకి చేరాయి. బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఆగితే చాలు, తలుపు బాదేది.

"బతికే ఉన్నాను!" అనేది పిల్ల లోపల్నుంచి.

ఒకటి రెండుసార్లు జ్ఞానప్రసూన ఏదో చెప్పబోయింది కూడా. పుస్తకాల మీద వంగిన కూతురి తల చూసి మాట మింగేసింది.

శనివారం మధ్యాహ్నం భానుశ్రీ బయటినుంచి నవ్వుకుంటూ వచ్చింది. ఆ నవ్వు చూసి తల్లి గబగబా ఎదురొచ్చింది.

"ఏం చేసొచ్చావే?"

"నీ వార్డ్‌రోబ్ చూసుకో."

పై అరలో పాత పంచెలో చుట్టి దాచుకున్న పెళ్ళిపట్టుచీర లేదు.

"షాపింగ్ సెంటర్ కార్‌పార్కులో పాతబట్టలు దానం వేసే పెద్ద డబ్బా ఉంటుందే, అందులో వేశాను. విప్పి చూస్తే జాలేస్తుందని మూటకి మూటే పడేశా. ఏం బరువమ్మా నీ చీర! నువ్వు నాది ఇచ్చేశావ్, నేను నీది ఇచ్చేశాను. ఈక్వల్."

జ్ఞానప్రసూన చెప్పుల కోసం పరుగెత్తింది. "పద, ఎవర్నైనా బతిమాలి తాళం తీయిద్దాం!"

"టూ లేట్. లారీవాడొచ్చి మొత్తం ఎత్తుకెళ్ళేదాకా అక్కడే కాపలా ఉన్నాను, నువ్వెళ్ళి వెనక్కి తెచ్చుకోకుండా."

తల్లి చెప్పులు వదిలేసి వెనక్కి వచ్చింది. కూతుర్ని తలనుంచి పాదాలదాకా తడిమి తడిమి చూసింది. మణికట్లు తిప్పి చూసింది. పిల్ల నిక్షేపంలా ఉంది. గుండెలనిండా గాలి పీల్చుకుని వదిలింది.

భానుశ్రీకి ఇది నచ్చలేదు. దీనికోసమా ఇన్నాళ్ళు పళ్ళు బిగించి ఊరుకుంది?

"ఏడవ్వేం మమ్? అది నీ పెళ్ళిచీర! ఏడు!"

"నేను తర్వాత తీరిగ్గా ఏడుస్తాలే" అంది జ్ఞానప్రసూన. "ముందు నువ్వేడు. పరీక్షలయ్యాక ఇద్దామని, నీ ఆల్బం ఆ చీర మడతల్లోనే దాచాను."