వేపుడు వాసన

...ఒక్క పొట్లానికే కొవ్వు పెరిగిపోతుందా, పెరిగినా రేపటికల్లా బయటపడుతుందా అని తనలో తాను వాదించుకుంటూనే లిఫ్టు మెకానిక్ పొట్లం విప్పాడు.

రెండు అంతస్తుల మధ్య ఆపిన లిఫ్టు. దాని నెత్తిమీద అతను. చుట్టూ చీకటి, గ్రీజు వాసన, పైన సన్నగా వణుకుతున్న ఇనుప తాళ్లు. చేతిలో నూనె ఓడుతున్న బంగాళదుంప ముక్కలు. టార్చి ఆర్పేశాడు. చీకట్లో తింటే ఎవరూ చూడరని కాదు. చూసేవాడు చీకట్లోనూ చూస్తాడు.

లోతుకు పోయిన ఆ కళ్లు. అన్నయ్యవి.

ముక్క గొంతులో అడ్డం పడింది. రుచేమీ తెలియలేదు. అయినా వదల్లేదు, మందు మింగినట్టు మింగాడు.

రేపు పొద్దున స్కాను. "కాలేయానికి కొవ్వు పట్టింది. తిండి మార్చండి, నడవండి. తగ్గిందా, అంతా మంచే. తగ్గలేదా, ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు" అని డాక్టరు పోయినసారే తెగేసి చెప్పాడు. ఆ మాటకు అమ్మ మొహం పాలిపోయింది. ఆ రోజే వంటింట్లో మూకుడు అటకెక్కింది. ఇంటిల్లిపాదికీ ఆవిరి మీద ఉడికిన కూరలే. తెల్లవారకముందే భార్య దుప్పటి లాగేస్తుంది.

"ఏమండీ, లేవండి. నడక."

"మోకాలు నొప్పి."

"నిన్న మడమ, మొన్న నడుము. ఇంకా ఏ భాగాలు మిగిలాయో చెబుదురుగాని, నడుస్తూ మాట్లాడుకుందాం పదండి."

ఆమె ముందు, అతను వెనక. పార్కు చుట్టూ తిరుగుతాడు, చేతులూపుతాడు, ఊపిరి బిగబట్టి వదులుతాడు. చూసినవాళ్లు ఇంతటి బుద్ధిమంతుడు లేడంటారు. ఎదురుగా నిలబడి కాదనడం అతనికి పుట్టుకతోనే రాలేదు. ఎవరేం చెప్పినా తలూపుతాడు, చెప్పినట్టే చేస్తాడు. ఆ తర్వాత ఏదో ఒక లిఫ్టు గోతిలోకి దిగి పొట్లం విప్పుతాడు.

చీకటి గది అతనికి కొత్త కాదు. చిన్నప్పుడు అన్నయ్య సామాన్ల గదిలోకి తోసి గడియ వేసేవాడు. తలుపవతల నవ్వు. "ఆడుకుంటున్నామమ్మా" అనే గొంతు. ఇప్పుడా నవ్వూ లేదు, ఆ గొంతూ వినబడదు. కళ్లే మిగిలాయి. ఎక్కడ కూర్చున్నా తలుపవతల అవి ఉన్నట్టే ఉంటుంది.

కింది అంతస్తులో ఎవరో లిఫ్టు తలుపు దబదబ బాదారు.

"ఏమయ్యా, లిఫ్టు బాగయ్యేనా, మెట్లెక్కమంటావా?"

"మెట్లెక్కండి సార్, ఒంటికి మంచిది!" అన్నాడు నోటినిండా ముక్కలతో.

తన మాటకు తనకే నవ్వొచ్చింది. ఆ నవ్వు గోతిలో గోడగోడకూ తగిలి, ఇంకెవరిదో అయినట్టు తిరిగొచ్చింది. ఠక్కున నోరు మూసుకున్నాడు.

సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ తూకం మిషన్ని కాలితో ముందుకు లాగింది.

"ఎక్కరా చిన్నోడా."

ఎక్కాడు. అమ్మ వంగి చూసింది. కళ్లజోడు కొంగుతో తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఇదేం ఒళ్లు అత్తయ్యా!" అంది భార్య. "ఈయన వెనక తిరిగి తిరిగి నేను చీపురుపుల్లనయ్యాను. ఈయనేమో గాలి పీల్చినా లావెక్కుతారు."

అమ్మ నవ్వలేదు.

"నా వంటలోనే ఏదో లోపముంది. రేపటి నుంచి ఆ చుక్క నూనె కూడా వెయ్యను." గొంతు తగ్గించింది. "బయట ఏమైనా తింటున్నావట్రా? ప్రాణం మీదికొచ్చిన సంగతిరా ఇది. అన్నయ్యని తలుచుకుని నిజం చెప్పు."

"లేదమ్మా."

మూల కిటికీ దగ్గరి కుర్చీలో అన్నయ్య ఉన్నాడు. ఎప్పుడూ అక్కడే ఉంటాడు. ఆ మూలకు చూడటం అమ్మ ఎప్పుడో మానేసింది, చూస్తే ఏడుపు ఆగదు. భార్య ఆ కుర్చీని తప్పించుకుని గోడవారగా నడుస్తుంది. చూసేది అతనొక్కడే. చూడకుండా ఉండలేక.

అన్నయ్య చూపు అతని వేళ్ల మీద ఆగింది. గ్రీజు కడిగినా పోని వేపుడు వాసన అక్కడుంది. చూపు మెల్లగా పైకి పాకి చొక్కా జేబు కిందున్న నూనె మరక మీద నిలిచింది.

తెలిసిపోయింది. ఇవాళ కాదు, మొదటి రోజే తెలిసిపోయి ఉంటుంది.

కళ్లలో కోపం లేదు, అడగడం కూడా లేదు. ఏమీ చూడనట్టు చూపు కిటికీ వైపు తిరిగిపోయింది.

తిట్టినా బాగుండేది. చిన్నప్పటిలా నవ్వినా బాగుండేది. గడియ తీసేసి, ఇష్టమైతే వెళ్లిపో అన్నట్టున్న ఈ ఊరుకోవడాన్ని ఎలా భరించాలో అతనికి తెలియలేదు. చొక్కా మరక మీద అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మరక మూసుకుపోయింది గాని వాసన పోలేదు.

"ఏమండీ, కంచం పెట్టాను. చల్లారిపోతోంది!" వంటింట్లోంచి భార్య పిలిచింది.

అతను ఆ మూలకు నడిచాడు. కుర్చీ పక్కన నేలమీద చతికిలబడి, స్కానులో కొవ్వు తగ్గిందని తేలగానే తన కాలేయంలో సగం కోసి ఎవరికి అమరుస్తామని డాక్టరు చెప్పాడో ఆ అన్నయ్య చేతిని, ఇంకా వెచ్చగానే ఉన్న ఆ చేతిని, తీసుకుని తన కుడి డొక్క మీద ఆనించుకున్నాడు.